పగడపు పువ్వుకు ఏ దీపం?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ వేళ మీతో చేపల తొట్టి గురించి, ముఖ్యంగా ఆ తొట్టి మీద పెట్టే లైటు గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. "వంటింట్లో ట్యూబులైటు మార్చడానికే తీరిక లేదు, చేపలకు లైటేమిటమ్మా!" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేనూ అలా నవ్వినదాన్నే, మా మనవడు ఒక ప్రశ్న వేసేదాకా.

మాది కుల్కచర్ల. వికారాబాదు జిల్లాలో, పరిగి దాటి మహబూబ్‌నగర్ వెళ్ళే దారిలో ఉంటుంది. కందిచేలు, బండరాళ్ళ గుట్టలు, చెరువులు, ఇవీ మా ఊరి చుట్టూ కనిపించేవి. సముద్రం అంటారా, దగ్గరలో దగ్గర అన్నా 250 కిలోమీటర్లకు పైనే. అయినా మా ఇంటి షోకేసులో ఒక సముద్రపు ముక్క ఉండేది. 1980ల్లో మా అత్తమ్మ రామేశ్వరం యాత్రకు వెళ్ళి, అక్కడ బజార్లో కొని, చీరలో చుట్టి భద్రంగా తెచ్చిన తెల్లని పగడపు పువ్వు. కాలీఫ్లవరంత ఉంటుంది. గుల్లగుల్లగా, రాయిలా గట్టిగా ఉంటుంది. ఆమె బతికున్నన్నాళ్ళూ పండగకూ పబ్బానికీ దాన్ని దుమ్ము దులిపి తుడిచేది. ఆమె తర్వాత ఆ పని నాకు వచ్చింది.

మా కొడుకూ కోడలూ హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇద్దరికీ షిఫ్టులు. అంచేత ఎనిమిదేళ్ళ మనవణ్ణి మా దగ్గరే ఉంచి చదివిస్తున్నారు. పిల్లవాడు అల్లరి చేయడు. అదే నాకు దిగులు. ఒకరోజు ఫోనులో సముద్రగర్భం బొమ్మలు చూస్తున్నాడు. ఎరుపు, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో పగడపు తోటలు, వాటి మధ్య చేపలు. చూసి చూసి షోకేసు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నానమ్మా, గీ పువ్వు కూడ గట్లనే ఉండెనా?"

"ఉండెనేమో బిడ్డా."

"మరి గిట్ల తెల్లగ ఎందుకయింది? నీళ్ళల్ల పెట్టి లైటేస్తే మల్ల బతుకుతదా?"

నాకు జవాబు తెలియలేదు. "చదువుకో పో" అని ఉంటే ఆ పూటకు సరిపోయేది. కానీ ఆ పిల్లవాడు నోరు తెరిచి అడిగేదే తక్కువ. కనుక్కుని చెప్తానన్నాను. ఆ కనుక్కున్నదంతా ఇప్పుడు మీకు చెప్తాను.

ముందుగా, పగడమంటే ఏమిటో చూద్దాం. మనకు పగడమంటే మంగళసూత్రంలో ముత్యం పక్కన గుచ్చుకునే ఎర్రపూస. అది మధ్యధరా సముద్రం వంటి చోట్ల లోతున, మసక చీకట్లో పెరిగే జాతి. దానికి వెలుగుతో పని లేదు. నీళ్ళలో కొట్టుకువచ్చే సూక్ష్మజీవులను పట్టుకుని తింటుంది. మా షోకేసులోది వేరే జాతి. అది ఎండ బాగా పడే వెచ్చని తేట నీళ్ళలో దిబ్బలు కట్టే పగడం. రెండింటికీ పేరొకటే, బతుకు తీరు వేరు.

దిబ్బలు కట్టే పగడం చెట్టు కాదు, రాయి కాదు, వేలాది చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఊరు. ఒక్కొక్క ప్రాణి మన గోరు కంటే చిన్నదిగా, నోటి చుట్టూ వేళ్ళలాంటి మీసాలతో ఉంటుంది. సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని తన కింద గూడు కట్టుకుంటుంది. మన ఇళ్ళలో పరిచిన తాండూరు బండలు ఉన్నాయి చూశారూ, వాటిలో ఉండేదీ ముఖ్యంగా ఆ సున్నమే. నిమ్మరసమో చింతపులుసో ఒలికితే బండ మీద మచ్చ పడటం మీకు అనుభవమే గదా. పులుపు సున్నాన్ని తినేయడం వల్ల అలా అవుతుంది. ఆ బండ కూడా కోట్లాది సంవత్సరాల క్రితం సముద్రపు అడుగున పేరుకున్నదే. కాబట్టి సముద్రం మనకు మరీ పరాయిది కాదు. దాని అడుగునే మనం రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నాం.

ఇక వెలుగు సంగతి. ఈ పగడపు ప్రాణి ఒంట్లో కంటికి కనిపించని నాచుకణాలు కాపురం ఉంటాయి. అవి ఎండను పట్టి ఆహారం తయారుచేసి, అందులో చాలా భాగాన్ని తమకు చోటిచ్చిన పగడానికే ఇస్తాయి. అంటే ఆ పగడానికి వెలుతురు అలంకారం కాదు, అన్నం. పగడానికి ఉండే రంగులో కూడా చాలావరకు ఆ నాచుదే. సముద్రం మామూలు కంటే వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి పంపేస్తుంది. అప్పుడు తెల్లబడుతుంది. తొందరగా చల్లబడితే నాచు తిరిగి వస్తుంది, లేకపోతే పగడం ఆకలితో చచ్చిపోతుంది. 1998లో, 2010లో, 2016లో మన సముద్రాల్లో ఇలాగే జరిగింది. 2024లో లక్షద్వీప్ దగ్గర మళ్ళీ చాలా పగడాలు తెల్లబడ్డాయి.

ఇదంతా మనవడికి నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. "మన పువ్వు గూడు మాత్రమే బిడ్డా. అందులో ఉండేటివి ఎప్పుడో పోయినయి. లైటేసినా రావు" అన్నాను.

"అంటే ఊరు ఖాళీ అయిందా? మన తండావాళ్ళు బొంబాయి పోయినట్టు?"

"అట్లనే అనుకో."

"వాళ్ళు పండుగకన్న వస్తరు గద నానమ్మా" అన్నాడు వాడు. ఆ మాట పగడాల గురించి కాదని నాకు అర్థమైంది. మర్నాడే మా వారితో చెప్పాను, ఈ పిల్లవాడికి ప్రాణమున్న పగడాల తొట్టి ఒకటి పెట్టిద్దామని.

టెక్సాస్‌లో ఉంటున్న మా ఆడబిడ్డ కూతురు ఇంట్లో అలాంటి తొట్టి ఉంది. ఆదివారం ఫోను చేసి, "తక్కువ ఖర్చులో లైటు ఎట్లా ఎంచుకున్నవు బిడ్డా?" అని అడిగాను. అది వివరంగా చెప్పింది. విదేశాల్లో మీ పిల్లలెవరైనా ఈ సరదాలో పడితే పనికొస్తుందని ఆ మాటలు మీకూ చెప్తున్నాను.

"ముందు ఏ పగడం పెంచుతావో తేల్చుకోవాలత్తమ్మా, ఆ తర్వాతే లైటు. చాలామంది ముందు లైటు కొని తర్వాత ఏడుస్తరు" అంది. మెత్తని జాతులకు, అంటే పుట్టగొడుగుల్లాంటివాటికి, తోలులా ఉండేవాటికి ఓ మాదిరి వెలుగు చాలు. కొమ్మలు కొమ్మలుగా పెరిగే రాతి పగడాలకు అంతకు రెండు మూడు రెట్లు కావాలి. కొత్తవాళ్ళు మెత్తని జాతులతో మొదలుపెడితే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది. తొట్టి లోతు తక్కువైతే ఇంకొంత మిగులుతుంది. అడుగున్నర లోపు లోతుంటే చిన్న లైటుతోనే వెలుగు అడుగుదాకా చేరుతుంది.

రెండోది రంగు. నీటిలో దిగేకొద్దీ ఎరుపు వెలుగు ముందుగా హరించుకుపోతుంది, నీలం చాలా లోతుదాకా వెళ్తుంది. సముద్రపు పగడాలు ఆ నీలానికే అలవాటు పడ్డాయి. అందుకే ఆ తొట్లు నీలంగా వెలుగుతుంటాయి. ఇదివరకు అంత నీలపు వెలుగు కావాలంటే 250 వాట్ల పెద్ద దీపాలు వాడేవారట. వాటి వేడికి నీళ్ళు కాగి, చల్లబరచడానికి ఇంకో మెషీను పెట్టుకోవలసి వచ్చేది. నీలం ఎల్.ఇ.డి. రావడంతో ఆ బెడద తగ్గింది. దాన్ని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు, అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన ఇళ్ళలో వెలిగే తెల్ల ఎల్.ఇ.డి. బల్బు కూడా ఆ నీలం దీపానికి పసుపు పూత పూసి చేసిందేనట! 2015లో మొదలైన ఉజాలా పథకం కింద చవగ్గా పంచిన తొమ్మిది వాట్ల బల్బులు గుర్తున్నాయా? అవీ ఆ బాపతే.

కరెంటు లెక్క మనం తేలిగ్గా వేసుకోవచ్చు. వాట్లను రోజుకు వెలిగే గంటలతో, నెలలో రోజులతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 250 వాట్ల పాత దీపం రోజుకు 8 గంటల చొప్పున నెలకు 60 యూనిట్లు తాగుతుంది. మా మేనకోడలి 60 వాట్ల ఎల్.ఇ.డి. 14 యూనిట్లతో సరిపెడుతుంది. మన తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో ఉన్నవాళ్ళకు 200 యూనిట్ల గీత ఎంత ముఖ్యమో నేను చెప్పాలా? ఆ గీత దాటితే ఆ నెల బిల్లు మొత్తం మన నెత్తిన పడుతుంది.

కొనేటప్పుడు ఏమేం చూడాలో కూడా చెప్పింది. వాట్లు ఎక్కువని మురిసిపోకూడదట. వాట్లు కరెంటు తాగడాన్ని చెప్తాయి గాని మొక్కకో పగడానికో అందే వెలుగును చెప్పవు. నీటి అడుగున ఎంత వెలుగు అందుతుందో తయారీదారు పట్టీ ఇచ్చాడా, నీలాన్నీ తెలుపునూ వేరువేరుగా తగ్గించుకునే వీలుందా, ఈ రెండూ చూడాలి. ఒకే పెద్ద దీపం కంటే రెండు చిన్నవి మేలు, నీడలు పడవు. ధర నూరు డాలర్ల లోపు నుంచి ఎనిమిది వందల డాలర్ల దాకా ఉంటుందట. అది పాతది కొనుక్కుంది. గింజలన్నీ వెలుగుతున్నాయా, ఫ్యాను గరగరలాడుతోందా అని చూసి మరీ తీసుకుంది. వెనకటి ట్యూబులైటు పద్ధతిలో అయితే ఏడాదికోసారి ట్యూబులు మార్చాలి. కంటికి వెలుగుతున్నట్టే ఉన్నా వాటి సత్తువ తగ్గిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పింది. లైటు తెచ్చిన రోజే పూర్తిగా పెట్టేయకూడదు. తక్కువతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో నెమ్మదిగా పెంచాలి. వెలుగు చాలకపోతే పగడం గోధుమరంగుకు తిరుగుతుంది, ఎక్కువైతే పాలిపోతుంది. బాలింతకు పథ్యం పెట్టి మెల్లగా మామూలు భోజనానికి తెచ్చినట్టన్నమాట. కొన్ని గుత్తి పగడాల్లో గట్టి విషం ఉంటుంది కాబట్టి చేతులకు తొడుగు లేకుండా ముట్టుకోకూడదని కూడా హెచ్చరించింది. పిల్లలున్న ఇంట్లో ఇది మరిచిపోకూడని సంగతి.

ఇంత విన్నాక నాకు ధైర్యం వచ్చింది. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో అడిగాను. లోపలి గదిలో నీలం వెలుగులో నిజంగానే పగడాలున్నాయి. రాయంత ముక్కకు నాలుగు వేలు చెప్పాడు. "ఏమన్న ఇబ్బందా బాబూ?" అంటే "ఏం గాదమ్మా, అందరూ పెంచుతున్నరు" అన్నాడు. ఐదు వందలు బయానా ఇచ్చి సంతోషంగా ఇంటికి వచ్చాను. రాత్రి మేనకోడలికి ఫోనులో చెప్తే అది ఒక్క క్షణం మాట్లాడలేదు. "అత్తమ్మా, మన దేశంలో పగడాలు పెంచుకోనిస్తరా? ఒక్కసారి కనుక్కో" అంది.

కనుక్కున్నాను. నాకు గుండె ఝల్లుమంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనూ, విసనకర్రల్లా ఉండే పగడాలనూ ఆ చట్టంలోని మొదటి పట్టికలో చేర్చారు. అంటే పులికి ఎంత రక్షణో వీటికీ అంత. సముద్రంలోంచి తీయడం, కొనడం, అమ్మడం అన్నీ నేరమే. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాని జైలు. చేపలమ్మే దుకాణంలో కనిపిస్తోంది గదా అని మనం అనుకుంటాం. దుకాణంలో కనిపించినంత మాత్రాన అది న్యాయమైన సరుకు కాదు.

చట్టం ఎందుకంత కఠినంగా ఉందంటారా? తమిళనాడు తీరంలో మన్నారు సింధుశాఖ ఉంది. 1986లో అక్కడి 21 దీవులతో సముద్ర జాతీయ పార్కు ఏర్పాటయింది. ఆ దీవులకు పగడపు దిబ్బలే అలలనుంచి అడ్డుగోడ. అంతకు ముందు ఏళ్ళ తరబడి సున్నం కోసం, కట్టడాల కోసం ఆ దిబ్బలను తవ్వి పడవలకెత్తారు. గోడ పోయాక దీవులు కోసుకుపోయాయి. రెండు దీవులు ఇప్పుడు నీటి కింద ఉన్నాయి. మా అత్తమ్మ పువ్వు కొన్న రామేశ్వరం ఆ సింధుశాఖ ఒడ్డునే ఉంది. ఆ పువ్వు ఏ దిబ్బ మీదిదో మరి! ఆమెకు తెలియదు, అప్పట్లో అలాంటి నిషేధమూ లేదు. కానీ నాకు తెలిసింది.

చట్టం మాట అటుంచినా, అది మన ఇళ్ళకు తగిన సరదా కాదు. పగడానికి నీళ్ళు 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. మా వైపు వేసవిలో 40 దాటుతుంది. చల్లబరిచే మెషీను కూడా పెట్టుకుంటే పైన చెప్పిన యూనిట్ల గీత దాటిపోవచ్చు. నూరు లీటర్ల నీటికి మూడున్నర కిలోల ప్రత్యేకమైన ఉప్పు కలపాలి, వంటింటి ఉప్పు పనికిరాదు. గాలివానకు రాత్రంతా కరెంటు పోయి నీళ్ళు కదలకుండా నిలిచిపోతే తెల్లారేసరికి తొట్టి పాడవుతుంది. నా ఐదు వందలు పోయాయి. దుకాణానికి మళ్ళీ పోలేదు. అది బుద్ధి చెప్పిన ఫీజు అనుకున్నాను.

మరి పిల్లవాడికిచ్చిన మాట? మంచినీళ్ళ తొట్టి పెట్టాం. చేపలే కాదు, బతికున్న నీటి మొక్కలతో. పగడానికి నేర్చుకున్న లైటు పాఠాలన్నీ ఇక్కడ అక్కరకు వచ్చాయి. ఇక్కడా వెలుగు అన్నమే, తినేది మాత్రం మొక్క.

మాది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి. సుమారు 54 లీటర్లు పడతాయి. నీళ్ళే అర క్వింటాలు బరువని మరిచిపోకండి. గాజు షెల్ఫు మీదా, ఊగే బల్ల మీదా పెట్టకండి. లైటు కోసం మేము ప్రత్యేకమైన అక్వేరియం దీపం కొనలేదు. ఇంట్లో వాడే రెండడుగుల, 10 వాట్ల ఎల్.ఇ.డి. పట్టీలైటు తెచ్చాం. 280 రూపాయలయింది. పెట్టె మీద రెండు అంకెలు చూడండి. ఒకటి ల్యూమెన్లు, అంటే వెలుగు మోతాదు. తేలికగా పెరిగే మొక్కలకు లీటరుకు 15, 20 ల్యూమెన్లు చాలు. మా లైటు వెయ్యి ల్యూమెన్లది, సరిపోయింది. రెండోది 'కె' అనే అక్షరం పక్కన ఉండే అంకె. 3000 అని ఉంటే పచ్చని దీపపు వెలుగు, 6500 అని ఉంటే పగటి వెలుగులాంటి తెలుపు. మొక్కల తొట్టికి 6500ది తీసుకోండి. సముద్రపు తొట్టికి వాడే నీలం లైటు మంచినీళ్ళ మొక్కలకు అనవసరం. అందంగా ఉందని మోసపోకండి.

నెల ఖర్చు చూడండి. 10 వాట్లు, 8 గంటలు, 30 రోజులు, అంటే రెండున్నర యూనిట్లకు తక్కువే. రాత్రింబవళ్ళు తిరిగే 5 వాట్ల ఫిల్టరు మూడున్నర యూనిట్లకు పైగా తీసుకుంటుంది. చూశారా, లైటు కంటే దాని ఖర్చే ఎక్కువ! మనం కళ్ళకు కనిపించేదాన్ని చూసి భయపడతాం, మూల కూర్చుని తినేదాన్ని లెక్క వేయం.

లైటు రోజుకు 8 గంటలు చాలు. రాత్రి చేపకూ చీకటి కావాలి. వెలుగు ఎక్కువసేపు ఉంచితే మొక్కలు పెరగవు, గాజుకు పచ్చని పాచి పెరుగుతుంది. తొట్టిని కిటికీ ఎండలో పెట్టినా అదే గతి. పాచి కనిపిస్తే మందుల కోసం పరుగెత్తకండి, లైటు రెండు గంటలు తగ్గించి చూడండి. మరిచిపోయే అలవాటు మనకుంది కాబట్టి ఒక టైమరు తగిలించుకుంటే మంచిది. పైన గాజుమూత ఉంటుంది గదా, దాని మీద నీటి మరకలు కట్టి వెలుగును అడ్డుకుంటాయి. కరెంటు లేని రోజుల్లో మా అత్తమ్మ రోజూ సాయంత్రం బూడిదతో కందిలి గాజు తుడిచేది. "నూనె పోసే ముందు గాజు తుడువు బిడ్డా" అనేది. ఇంకో లైటు కొనే ముందు ఆ మాట గుర్తు తెచ్చుకోండి. వారానికోసారి మూత తుడిస్తే డబ్బు పెట్టకుండానే వెలుగు పెరుగుతుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. మామూలు పట్టీలైటు తడికి ఆగేది కాదు. గాజుమూత పైన, నీటికి అందకుండా, కదలకుండా బిగించాలి. వైరు ప్లగ్గు దాకా తిన్నగా పోకుండా, మధ్యలో కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేట్టు చూడండి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు నేల మీద పడుతుందే గాని ప్లగ్గులోకి పోదు. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు స్విచ్చులన్నీ ఆపాలి. ఈ ఒక్కటీ పిల్లలకు పదిసార్లు చెప్పండి.

మొక్కల్లో వాలిస్నేరియా, హైడ్రిల్లా తేలిక. చెరువుల్లో పెరిగే నీటి మొక్కలే ఇవి. చేపల్లో మా బోరు నీళ్ళలాంటి గట్టినీళ్ళకు గప్పీలు, మాలీలు బాగుంటాయి. గప్పీలు దోమ పిల్లలను కూడా తింటాయి. పంపు నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి బకెట్టులో ఒకరోజు నిలవ ఉంచి పోయండి. తాండూరు బండ ముక్కలు అందంగా ఉన్నాయని తొట్టిలో వేయకండి. ఆ సున్నం మెల్లగా కరిగి నీటిని ఇంకా గట్టిపరుస్తుంది. విసుగు పుట్టినప్పుడు చేపలను చెరువులో వదిలేయకండి. అలా వదిలిన దెయ్యపు చేప మన చెరువుల్లో ఎలా పెరిగిపోయిందో జాలరులను అడిగితే తెలుస్తుంది.

తెల్లపువ్వు సంగతి చెప్పడం మరిచాను. దాన్ని షోకేసులో చూసినప్పుడల్లా నాకు మనసు కుదురుగా ఉండేది కాదు. మా వారు, నేను, మనవడు కలిసి తీసుకెళ్ళి అటవీశాఖ వారికి అప్పగించి వచ్చాం. మీ ఇళ్ళలోనూ పాతకాలపు యాత్రల పువ్వు ఉంటే ఎవరికీ అమ్మకండి, కానుకగా ఇవ్వకండి. ఏం చేయాలో వారిని అడగడం మంచిది. అత్తమ్మ జ్ఞాపకం పోతుందే అని నాకు బాధ కలిగిన మాట నిజం. బతికున్న పగడాలను పిల్లలకు చూపించాలంటే దారులున్నాయి. అండమాన్‌లో జాలీబాయ్ దీవి దగ్గర అద్దం అడుగున్న పడవలున్నాయి. గుజరాత్‌లో జామ్‌నగర్ దగ్గర నరారాలో అయితే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నడిచి వెళ్ళి చూడవచ్చు. డబ్బు కూడబెట్టి ఒకసారి వెళ్దామని మేమూ అనుకుంటున్నాం, కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని.

తొట్టి పెట్టిన మూడో వారంలో ఒక మధ్యాహ్నం మనవడు గట్టిగా కేక వేశాడు. పరుగెత్తుకెళ్ళి చూస్తే, హైడ్రిల్లా ఆకుల చివర్ల నుంచి ముత్యాల్లా సన్నని బుడగలు వరసగా పైకి లేస్తున్నాయి. వెలుగు తిని మొక్క విడిచే ప్రాణవాయువు అది. వాడు వెంటనే తల్లికి ఫోను చేశాడు. "అమ్మా, మన లైటు మంచిగ పనిచేస్తుంది. మొక్క ఊపిరి ఇడుస్తుంది. ఆదివారం వచ్చి సూడు" అన్నాడు. చాలాసేపు మాట్లాడాడు. నేను వంటింట్లోకి వచ్చేశాను.

ఆ ఆదివారం ఇద్దరూ వచ్చారు. రాత్రి ఎనిమిదింటికి టైమరు టక్కుమని తొట్టి లైటు ఆరేదాకా ముగ్గురూ దాని ముందే కూర్చున్నారు.

280 రూపాయల లైటుతో మా ఇంట్లో జరిగింది ఇదీ.